కొత్తగా ఆడేవాళ్లు డిస్క్ గోల్ఫ్ కోర్స్‌లకి రివ్యూ రాయొచ్చా? రాస్తే ఎలా రాయాలి?

ప్రశ్న క్లుప్తంగా: "ఆస్టిన్ దగ్గర ఉంటాను. ఆఫీసు వాళ్లతో కలిసి ఈ వేసవిలోనే డిస్క్ గోల్ఫ్ మొదలుపెట్టాను. ఊరికి ఉత్తరాన చెట్ల మధ్య ఉన్న ఒక కోర్స్‌కి వెళ్లి, రెండు డిస్కులు పోగొట్టుకుని, ఇంటికొచ్చి 5కి 1.5 ఇచ్చి రివ్యూ పెట్టాను. వరసగా థంబ్స్ డౌన్ పడ్డాయి. ఒకాయన 'ముందు ఆట నేర్చుకుని రా' అన్నాడు. కోర్స్ చూసుకునే క్లబ్ నుంచి ఒకరు మర్యాదగానే మెసేజ్ పెట్టారు, నేనింకా జవాబివ్వలేదు. రివ్యూ తీసేయమంటారా? అసలు కొత్తవాళ్లు రాయకూడదా?"

సమాధానం:

తీసేయొద్దు, మార్చి రాయండి. కొత్తవాళ్లు రివ్యూ రాయకూడదన్న రూల్ ఎక్కడా లేదు. నిజానికి కొరత ఉన్నది వాళ్ల రివ్యూలకే. ఏళ్ల తరబడి అదే పార్కులో ఆడినవాళ్లకి ఏడో హోల్ అయ్యాక ఎటు తిరగాలో కాళ్లకే తెలిసిపోతుంది. అక్కడ బోర్డు లేదన్న సంగతి వాళ్ల కళ్లకి ఆనదు. మొదటిసారి వెళ్లి అటూ ఇటూ తిరిగినవాళ్లకే ఆనుతుంది. మీ రివ్యూలో అలాంటి పనికొచ్చే మాట ఒకటి ఉంది. చుట్టూ ఉన్న చిరాకులో అది ఎవరికీ కనపడలేదు, అంతే.

నేను షార్లట్ పక్కన ఉంటాను. ఈ ఆట ఆడటం, ఆడిన చోటు గురించి రాయడం చాలా కాలంగా ఉన్న అలవాటు. ఇక్కడి లీగ్‌లో కొత్తగా చేరినవాళ్లని వెంటబెట్టుకుని కోర్స్ తిప్పే పని కూడా తరచుగా నా మీదే పడుతుంది. అందుకని రెండు వైపుల గోడూ కొంత తెలుసు.

ఆట తెలియనివాళ్లూ ఇది చదువుతారు కాబట్టి రెండు ముక్కలు చెప్పేస్తాను. గోల్ఫ్‌లాగే ఇక్కడా పద్దెనిమిదో తొమ్మిదో హోల్స్ ఉంటాయి. బంతి బదులు డిస్క్, గుంత బదులు చైన్లు వేలాడే ఇనుప బాస్కెట్. తక్కువ విసుర్లలో బాస్కెట్‌లో వేసినవాళ్లు గెలిచినట్టు. 1960ల్లో ఫ్రిస్బీకి ఇప్పటి రూపం తెచ్చిన ఎడ్ హెడ్రిక్ అనే ఆయనే దీనికీ మూలపురుషుడు. కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో 1975లో మొదటి శాశ్వత కోర్స్ వేశాడు, 1976లో పీడీజీఏ (ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్) అనే సంఘం పెట్టాడు, చైన్ల బాస్కెట్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు అమెరికాలో చాలా కోర్స్‌లు సిటీ పార్కుల్లో ఉన్నాయి, ఎక్కువ చోట్ల ఫీజు లేదు, కౌంటర్ లేదు, అడగడానికి మనిషి ఉండడు. ఈ ఆటలో రివ్యూకి అంత విలువ రావడానికి కారణం అదే. రెస్టారెంట్‌కి వెళ్తే బాలేకపోయినా ఎవరో ఒకరు వచ్చి కూర్చోబెడతారు. ఇక్కడ పార్కింగ్ లాట్‌లో దిగి, మొదటి టీ, అంటే నిలబడి మొదటి విసురు విసిరే చోటు, ఎక్కడుందో మీరే వెతుక్కోవాలి. చేతిలో ఉన్నది ముందు వచ్చినవాళ్లు రాసి పెట్టిన నాలుగు మాటలే.

ఇక మీ రివ్యూ. మీరు ఇక్కడ పెట్టినదాని సారం ఇది: "చెత్త కోర్స్. అన్నీ చెట్లే. డిస్కులు పోతాయి. దారి తెలీదు. బాస్కెట్లు పాతవి. టైం వేస్ట్."

"అన్నీ చెట్లే" అన్నదే జనానికి ఒళ్లు మండించింది. చెట్ల మధ్య వేసిన కోర్స్‌లో చెట్లే పరీక్ష. కెంటకీలో బర్లింగ్టన్ అనే ఊళ్లో ఐడిల్‌వైల్డ్ అని ఒక కోర్స్ ఉంది. ఆ చెట్ల సందుల్లోంచి డిస్క్ పంపడం ఎంత కష్టమో చూడటానికే పక్క రాష్ట్రాల నుంచి బండేసుకుని వస్తారు. అలాంటివాళ్లకి మీ ఫిర్యాదు ఆడలేక మద్దెల ఓడన్నట్టు వినిపిస్తుంది. "డిస్కులు పోతాయి" అన్నదీ అంతే. ఎక్కడ పోయాయి? రెండూ ఒకే వాగులోనా? ఫెయిర్‌వేకి (టీ నుంచి బాస్కెట్ దాకా విసరడానికి వదిలిన దారికి) రెండడుగుల దూరంలోనే మోకాలెత్తు గడ్డి ఉంటే అది కోర్స్ తప్పు. మీరు విసిరింది అరవై అడుగులు పక్కకి పోయి పొదల్లో పడితే అది కోర్స్ తప్పు కాదు. చదివేవాడికి ఆ తేడా తెలియాలి. తెలియకపోతే మీమీదే అనుమానపడతాడు.

కానీ "దారి తెలీదు" అన్న మాట ఉందే, అది బంగారం. దాన్నే పట్టుకోండి. ఏ హోల్ తర్వాత? బాస్కెట్ దగ్గర నిలబడితే తర్వాతి టీ కనిపిస్తుందా? నడకదారి రెండుగా చీలిన చోట ఏది పట్టుకోవాలి? వాగు దాటాలా, దాటే చోట వంతెన ఉందా, రాళ్ల మీద కాలేసుకుంటూ పోవాలా? నాకు తెలిసిన మంచి డిజైనర్లు కూడా దీంట్లో జారిపోతారు. వాళ్లకి ఆ అడవి అరచేతిలో గీత. పొరపాటున వేరే హోల్ టీ మీదికి వెళ్తే ఆట పాడవడం ఒక్కటే కాదు, ఎదురుగా విసిరేవాళ్ల దారిలోకి వెళ్తాం. 175 గ్రాముల గట్టి ప్లాస్టిక్ అంచు కణతకి తగిలితే ఆస్పత్రి ఖాయం. కాబట్టి "ఆరో బాస్కెట్ దాటాక ఎడమపక్క కాలిబాట పట్టకండి, అది పదకొండో హోల్ ఫెయిర్‌వేలోకి తీసుకెళ్తుంది, కుడిపక్క రాతిగోడ వెంబడి పోండి" అని ఒక్క వాక్యం రాస్తే, మీరిచ్చిన రేటింగ్ ఎవరూ చూడరు, ఆ వాక్యానికి థంబ్స్ అప్ కొడతారు.

ఇప్పుడు అసలు సంగతి. రివ్యూ చదివేవాడికి కోర్స్ గురించి తెలిసేముందు మీ గురించి తెలియాలి. ఎవరి కళ్లతో చూస్తున్నాడో తెలియకుండా "కష్టం", "సులువు", "పొడవు" అనే మాటలకి అర్థం లేదు. డిస్క్ గోల్ఫ్ కోర్స్ రివ్యూ సైట్ వాళ్లు ఇది ఎప్పుడో పట్టుకున్నారు. అక్కడ ప్రతి రివ్యూ పక్కనా రాసినాయన ఎన్ని కోర్స్‌లు ఆడాడు, ఎన్నేళ్ల అనుభవం, ఈ కోర్స్‌ని ఒకసారే ఆడాడా, చాలాసార్లు ఆడాడా అన్నది కనిపిస్తుంది. నమ్మదగ్గ రివ్యూయర్లకి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని హోదాలు కూడా ఉన్నాయి. యూడిస్క్‌లో అంత వివరం కనపడదు. అది ప్రధానంగా స్కోర్ వేసుకునే యాప్ కాబట్టి ఆట అవగానే స్టార్లు నొక్కి, ఒక లైను రాసి కారెక్కేవాళ్లే ఎక్కువ. అక్కడ రాసేటప్పుడు ఆ వివరాలు మీరే చెప్పుకోవాలి.

చెప్పుకోవాల్సినవి ఎక్కువేం కావు. మీ విసురు ఎంత దూరం పోతుంది. కొత్తలో 150, 200 అడుగులే పోతుంది, సిగ్గుపడాల్సిందేం లేదు. మీలాంటి ఇంకో మనిషికి ఆ అంకె చాలా ముఖ్యం. ఏ టీల నుంచి ఆడారు. చాలా కోర్స్‌లలో ఒకే హోల్‌కి రెండు మూడు టీలు ఉంటాయి. మసాచుసెట్స్‌లో మేపుల్ హిల్ అని క్రిస్మస్ చెట్ల తోటలో ఉన్న ప్రసిద్ధ కోర్స్‌లో రంగుల వారీగా వేర్వేరు టీలు పెట్టారు. గోల్డ్ టీల నుంచి ఆడినవాడు రాసిందీ, రెడ్ టీల నుంచి ఆడినవాడు రాసిందీ పక్కపక్కన పెడితే రెండు వేర్వేరు ఊళ్ల గురించి చదువుతున్నట్టుంటుంది. లాంగ్ టీల నుంచి ఆడి "మరీ పొడవు" అని రాసే ముందు, ముప్ఫై గజాల ముందు షార్ట్ టీ ఉందేమో చూడండి. మీ విషయంలో ఇదే జరిగిందని నా అనుమానం. కొన్ని కోర్స్‌లలో షార్ట్ టీ అంటే నేల మీద పాతిన చిన్న రంగు ఫలకమో రాయో అయ్యుంటుంది, కాంక్రీట్ దిమ్మ కనిపించదు.

ఇంకోటి, ఏ చేత్తో ఎలా విసురుతారు. ఇది రాసేవాళ్లు తక్కువ, చదివి మెచ్చుకునేవాళ్లు ఎక్కువ. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి) విసిరితే డిస్క్ వేగం తగ్గాక చివర్లో ఎడమకి వాలుతుంది. ఎడమచేతివాళ్లకి, కుడిచేత్తో ఫోర్‌హ్యాండ్ విసిరేవాళ్లకి అది కుడికి వాలుతుంది. ఎడమపక్క వాగు ఉన్న హోల్స్ ఎక్కువైతే మీకూ నాకూ అది డిస్కుల శ్మశానం, ఎడమచేతి మిత్రుడికి హాయి. ఒక కోర్స్ అన్ని రకాల విసుర్లనీ అడుగుతోందా, ఒక్క రకాన్నే పదేపదే అడుగుతోందా అన్నది మంచి డిజైన్‌కి గుర్తు. మీకు ఒక్క విసురే వచ్చినా దీన్ని గమనించొచ్చు. ప్రతి హోల్ దగ్గరా బాస్కెట్ ఎటు వైపు ఉందో గుర్తుపెట్టుకోండి చాలు.

ఏ రోజు ఆడారు అన్నది కూడా మీ గురించి చెప్పేదే. ఇక్కడ కరోలినాల్లో ఎర్రమట్టి. వాన పడ్డ మర్నాడు టీ ప్యాడ్ మీద బూటుకంటిన మట్టితో అడుగేస్తే స్కేటింగే. అదే చోట ఎండ కాసిన మూడో రోజు సమస్యే ఉండదు. ఆకురాలు కాలంలో ఫెయిర్‌వే మధ్యలో పడ్డ డిస్క్ కూడా ఆకుల కిందకి దూరి మాయమవుతుంది. చలికాలంలో పొదలు ఎండిపోయి అదే కోర్స్ విశాలంగా కనిపిస్తుంది. మీ టెక్సాస్‌లో జూలై మధ్యాహ్నం ఆడి "నడక ఎక్కువ, ప్రాణం పోయింది" అని రాస్తే, అది కోర్స్ మీద రివ్యూ కాదు, సూర్యుడి మీద రివ్యూ. నెల, వేళ, వాతావరణం ఒక్క లైనులో పెట్టేయండి.

కొన్ని కోర్స్‌లైతే తేదీ లేకపోతే అసలు అర్థమే కావు. మిషిగన్‌లో కెన్సింగ్టన్ మెట్రోపార్క్‌లో టొబాగన్ అనే కోర్స్ ఉంది. చలికాలంలో అది మంచు మీద జారే కొండ. బాస్కెట్లు పెట్టేది వెచ్చని నెలల్లోనే. మా పక్కనే రాక్ హిల్‌లో విన్‌త్రప్ యూనివర్సిటీ దగ్గర 1999 నుంచి యూఎస్ డిస్క్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ జరుగుతోంది. యూట్యూబ్‌లో హద్దులుగా కట్టిన ఆ పసుపు తాళ్లు, ఆ సరస్సు చూసి వచ్చి, మామూలు రోజుల్లో తాళ్లు లేవని నిరాశపడి తక్కువ రేటింగ్ ఇచ్చేవాళ్లు ఉంటారు. టోర్నమెంట్ లేఅవుట్ వేరు, రోజూ ఉండే లేఅవుట్ వేరు. ఏది ఆడారో రాయండి.

టీ ప్యాడ్ గురించి రాసేటప్పుడు "బాగుంది", "బాలేదు" అని వదిలేయకండి. కాంక్రీటా, రబ్బరు మ్యాటా, కృత్రిమ గడ్డా, వట్టి మట్టా? కాంక్రీట్ అయితే గరుకుగా గీశారా, నున్నగా ఉందా? తడిస్తే నున్నటి కాంక్రీట్‌కి మించిన శత్రువు లేదు. పరిగెత్తి విసిరేంత పొడవుందా? అన్నిటికన్నా ముందు చూడాల్సింది ప్యాడ్ ముందంచు. విసిరాక ముందుకేసే కాలు పడీపడీ అక్కడ మట్టి కొట్టుకుపోయి, నాలుగైదు అంగుళాల గుంట పడుతుంది. మోకాళ్లు, మడమలు మెలికపడేది అక్కడే. ఈ ఒక్క విషయం రాసిన రివ్యూ చూసి క్లబ్ వాళ్లు ఆ శనివారమే రెండు బస్తాల కంకర తెచ్చి పోసిన సందర్భాలు నాకు తెలుసు.

బాస్కెట్లు "పాతవి" అన్నారు. పాతవైతే నష్టమేంటో చెప్పాలి. ఒకే వరస చైన్లున్న పాత బాస్కెట్లలో గట్టిగా కొట్టిన పట్ (దగ్గర్నుంచి బాస్కెట్‌లోకి వేసే విసురు) మధ్యలోంచి దూరి అవతలికి పడిపోతుంది. స్తంభం ఒరిగి ఉంటే బాస్కెట్ ఒక పక్కకి వంగుతుంది. అది ఉంటే రాయండి. తుప్పు పట్టి ఉన్నా డిస్క్‌ని పట్టుకుంటుంటే అది ఫిర్యాదు కాదు. చెట్లలో రంగు వెలిసిన బాస్కెట్ దూరం నుంచి కనిపించదు, అది మాత్రం నిజమైన ఇబ్బంది.

మనవాళ్లు ఎక్కువగా అడిగేదీ, సైట్లలో తక్కువగా దొరికేదీ ఒకటుంది. ఏప్రిల్ వచ్చిందంటే ఇంటికి అమ్మానాన్నలో అత్తమామలో వస్తారు. వారాంతం వాళ్లని ఇంట్లో వదిలి మనం ఆటకి పోలేం. వెంట తీసుకెళ్తే వాళ్లు ఎక్కడ కూర్చుంటారు? నీడ ఉందా, బెంచీ ఉందా, బాత్రూమ్ తెరిచే ఉంటుందా, ఒకవేళ నడవాలన్నా దారి చదునుగా ఉందా? పిల్లల్ని స్ట్రోలర్‌లో తోసుకుంటూ తొమ్మిది హోల్స్ పూర్తిచేయొచ్చా? పెద్ద రివ్యూయర్లకి ఇవి చిన్న విషయాలు, ఒకటిన్నర పేరా ఫెయిర్‌వే వంపుల మీద రాసి "అమెనిటీస్ ఉన్నాయి" అని తేల్చేస్తారు. మీరు రాయండి. మనవాళ్లే కాదు, మోకాళ్ల నొప్పులున్న అమెరికన్ తాతయ్య కూడా మీకు దండం పెడతాడు. అలాగే పాయిజన్ ఐవీ, పిడుదులు, పాములు కనిపించిన చోటు ఏదైనా ఉంటే హోల్ నంబర్‌తో సహా చెప్పండి. నడకదారి మీదుగా విసరాల్సిన హోల్స్ ఉంటే అదీ చెప్పండి. మలుపు అవతల కుక్కని తిప్పుకునేవాళ్లు, సైకిల్ తొక్కే పిల్లలు ఉంటారు. టీ మీద నిలబడితే వాళ్లు కనపడకపోతే స్నేహితుణ్ని ముందుకు పంపించి ఆడాల్సిన హోల్ అని రాయాలి.

రేటింగ్ అంకె గురించి నాకు పెద్ద గౌరవం లేదు, కానీ ఇవ్వక తప్పదు కాబట్టి చెప్తాను. 1.5 అంటే డిస్క్ గోల్ఫ్ కోర్స్ రివ్యూ సైట్‌లో 0 నుంచి 5 దాకా అర చొప్పున పోయే కొలతలో బాగా కిందిమెట్టు. సగం బాస్కెట్లు మాయమై, టీలు లేక, గడ్డి కోయక పడి ఉన్న చోటికి ఇవ్వాల్సినది. మీరు చెప్పిన వివరాల్ని బట్టి చూస్తే అది సరిగా నిర్వహిస్తున్న, బోర్డులు సరిగా లేని, కొత్తవాళ్లకి కష్టమైన కోర్స్. కష్టమైనది చెడ్డది కాదు. అంకె కోర్స్‌కి ఇవ్వండి, ఆ రోజు మీ స్కోర్‌కి కాదు. దీనికో చిన్న ఉపాయం, ఆడిన రోజు రేటింగ్ ఇవ్వకండి. నోట్స్ మాత్రం కారులో కూర్చునే రాసుకోండి, నిద్రపోయి లేచాక అంకె వేయండి. బాగా ఆడిన రోజున ప్రతి కోర్సూ 4.5 లాగే ఉంటుంది.

అటు వైపు రోగం కూడా ఉంది. సొంతూరి కోర్స్‌కి కళ్లు మూసుకుని 5 కొట్టేవాళ్లు. క్లబ్‌లో గడ్డి కోసిన చేతులతో వాళ్లు ఇస్తారు, వాళ్ల ప్రేమ అర్థమవుతుంది, కానీ విమానం దిగి ఒక్క ఉదయం మాత్రమే ఖాళీ ఉన్న మనిషికి ఆ 5 మోసమే. ఇంకొందరు ఆఖరి హోల్ మత్తులో రాస్తారు. కాలిఫోర్నియాలో శాంటా క్రూజ్‌లోని డెలవియాగా కోర్స్‌లో 27వ హోల్‌ని 'టాప్ ఆఫ్ ద వరల్డ్' అంటారు, కొండ మీద నుంచి కిందికి విసరడం, డిస్క్ గాల్లో ఉన్నంతసేపూ ఊపిరి ఆగిపోతుంది. అక్కడి మిగతా హోల్స్ కూడా మంచివే కాబట్టి పర్లేదు. చాలా చోట్ల పదిహేడు హోల్స్ చప్పగా సాగి పద్దెనిమిదోది ఒక్కటే అదిరిపోతుంది, రివ్యూలన్నీ దాని గురించే ఉంటాయి. చరిత్ర ఉన్న చోట్లది మరో చిక్కు. ఓక్ గ్రోవ్‌ని ఇప్పటి పెద్ద కోర్స్‌ల పక్కన పెట్టి కొలిస్తే అంకె మామూలుగానే వస్తుంది. అయినా ఈ ఆట ఆడే ఎవరైనా లాస్ ఏంజిలస్ వెళ్తే అక్కడ ఒక రౌండ్ ఆడాల్సిందే. నేనైతే అలాంటి చోట అంకె కోర్స్‌కి ఇచ్చి, చరిత్రని మాటల్లో రాస్తాను.

మీరు రాసింది ఎవరు చదువుతారో కూడా తెలిసి ఉండాలి. ఆటగాళ్లతోపాటు క్లబ్ వాలంటీర్లు, ఒక్కోసారి సిటీ పార్కుల శాఖ వాళ్లు కూడా చదువుతారు. మీ ఆస్టిన్‌లోనే పీస్ పార్క్ కోర్స్ ఉండేది, టెక్సాస్‌లో బాగా పాత కోర్స్‌లలో ఒకటి. ఏళ్లపాటు అంతమంది పాదాలు పడి నేల గట్టిపడి, మట్టి కొట్టుకుపోయి, చెట్లు దెబ్బతిన్నాయని 2011లో దాన్ని మూసేశారు. డిస్కుల దెబ్బకి చెట్ల బెరడు ఊడటం, నడిచీ నడిచీ వాలు మట్టి వాగులోకి జారడం కంటికి కనిపించేవే. అలాంటివి చూస్తే రాయండి. "మూడో హోల్ వాలులో వేర్లు బయటపడ్డాయి, చెక్కపొట్టు వేస్తే మంచిది" అంటే పార్కు శాఖ దగ్గరికి నిధులు అడగడానికి వెళ్లే క్లబ్ మనిషి చేతికి ఒక ఆధారం దొరుకుతుంది. "అడ్మిన్లు నిద్రపోతున్నారా" అని రాస్తే ఏమీ దొరకదు. వాళ్లకి జీతాలు లేవు, అడ్మిన్లూ లేరు.

ఎవరి సొంత స్థలంలోనో ఉన్న ప్రైవేట్ కోర్స్‌ల గురించి ఒక్క హెచ్చరిక. గేటు కోడ్, యజమాని ఫోన్ నంబర్, వాళ్ల ఇల్లు కనిపించే ఫొటో పెట్టొద్దు. ముందుగా అడిగి వెళ్లాలా, డబ్బు ఎంత, ఎలా కట్టాలి అన్నవి చాలు. ఫొటోల్లో ఎవరి పిల్లలూ పడకుండా చూసుకోండి. అందమైన సూర్యాస్తమయం కన్నా మొదటి టీకి వెళ్లే దారి ఫొటో, కోర్స్ మ్యాప్ బోర్డు ఫొటో ఎక్కువ మందికి ఉపయోగం.

ఇంగ్లీష్ బాగా రాదేమో అని ఏఐతో రాయించి పెట్టాలనుకుంటే మాత్రం వద్దు. దానికి మీరు చెప్పిన బురద, గుంట, తప్పిన దారి ఇస్తే, వాటి అంచులన్నీ అరగదీసి, పచ్చని ప్రకృతి ఒడిలో అన్ని స్థాయిల ఆటగాళ్లకీ ఆహ్లాదం అని తెచ్చిస్తుంది. ఆ మాటలు ఏ పార్కుకైనా అతుకుతాయి. స్పెల్లింగ్ చూసిపెట్టమనండి, అంతవరకే. చిన్న చిన్న వాక్యాలు చాలు. మన వాట్సాప్ గ్రూపులకి కావాలంటే అదే తెలుగులో పెట్టండి.

మీ రివ్యూని నేను రాస్తే దాదాపు ఇలా రాస్తాను. హోల్ నంబర్లు మీకే తెలుసు కాబట్టి సరిచూసుకుని మార్చుకోండి:

"ఈ వేసవిలోనే ఆట మొదలుపెట్టాను. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్, 180 అడుగులు పోతుంది. శనివారం పొద్దున్న, పొడి నేల, నలుగురం, ఒకసారే ఆడాం, లాంగ్ టీల నుంచి. షార్ట్ టీలు ఉన్నాయని తర్వాత తెలిసింది, వాటి గుర్తులు తేలిగ్గా కనపడవు.

నచ్చినవి: నీడ బాగా ఉంది. ఎండాకాలంలో కూడా పదకొండింటి దాకా హాయిగా ఆడొచ్చు. ఫెయిర్‌వేలు శుభ్రంగా ఉన్నాయి. టీలన్నీ కాంక్రీట్, జారలేదు.

ఇబ్బందులు: 6 తర్వాత, 13 తర్వాత తర్వాతి టీ ఎటో చెప్పే గుర్తు లేదు. 6 దగ్గర ఎడమ బాట పట్టి వేరే ఫెయిర్‌వేలోకి వెళ్లిపోయాం. 9లోనూ 10లోనూ ఎడమపక్కంతా వాగు, రెండు డిస్కులు అక్కడే పోయాయి. నీళ్లు లోతుగా ఉన్నాయి, చేత్తో అందవు. కొన్ని బాస్కెట్లు రంగు వెలిసి చెట్లలో కనిపించలేదు. బాత్రూమ్ పార్కింగ్ దగ్గర మాత్రమే.

మాలాంటి కొత్తవాళ్లకి: షార్ట్ టీల నుంచి ఆడండి, యాప్‌లో మ్యాప్ తెరిచి పెట్టుకోండి, పాత డిస్కులు తెచ్చుకోండి. 200 అడుగులు నేరుగా విసరడం వచ్చాక మళ్లీ వస్తాం."

ఆ సైట్‌లో ప్రోస్, కాన్స్, అదర్ థాట్స్ అని మూడు పెట్టెలు ఉంటాయి కాబట్టి ఇది అలాగే సర్దుకుంటుంది. దీనికి 2.5 ఇచ్చినా 3 ఇచ్చినా ఎవరూ గొడవపడరు. మొదటి పేరా చదవగానే ఎవరి మాట వింటున్నామో తెలిసిపోతుంది. మంచి ఆటగాడు "నాకు ఆ వాగు సమస్య కాదు, కానీ 6 తర్వాత కుడికి వెళ్లాలన్నమాట" అనుకుంటాడు. కొత్తవాడు షార్ట్ టీలు వెతుక్కుంటాడు.

"ముందు ఆట నేర్చుకుని రా" అన్నాయనకి జవాబు ఇవ్వకండి. రివ్యూ మార్చాక పైన ఒక లైను పెట్టండి, ఫలానా తేదీన మార్చి రాశాను అని. పాత థంబ్స్ డౌన్ల సంగతి వదిలేయండి. ఇకపై చదివేవాళ్లు చూసేది మార్చిన రివ్యూనే.

క్లబ్ నుంచి వచ్చిన మెసేజ్‌కి మాత్రం ఈ రాత్రే జవాబివ్వండి. రేటింగ్ పెంచమని వాళ్లు అడిగారేమోనని మీకు టెన్షన్ ఉన్నట్టుంది. మీరు పెట్టిన స్క్రీన్‌షాట్‌లో అలాంటిదేం లేదు, దారి ఎక్కడ తప్పారో మాత్రమే అడుగుతున్నారు. ఒకవేళ ఎవరైనా ఉచిత డిస్క్ ఇస్తాం, రేటింగ్ మార్చమంటే ఒప్పుకోకండి, కానీ ఇది ఆ రకం కాదు. దారి తప్పిన ప్రతి చోటా ఏ పక్క నుంచి వచ్చారో, ఎటు చూస్తే ఏం కనిపించిందో వివరంగా రాసి పంపండి, ఫోన్‌లో ఫొటో ఉంటే జతచేయండి. వాగులో పోయిన డిస్కుల రంగు, పేరు కూడా చెప్పండి. డిస్క్ వెనక మీ ఫోన్ నంబర్ రాసి ఉంటే దొరికినప్పుడు కాల్ వస్తుంది, క్లబ్ వాళ్లు అప్పుడప్పుడూ వాగులోకి దిగి ఏరుతుంటారు. వాళ్లు బాణం బోర్డులు పాతాక మళ్లీ ఒకసారి వెళ్లి ఆడి, రివ్యూలో ఆ రెండు లైన్లు కొట్టేయండి.